పానా పట్టే ముందు

పాత సైకిలుకి అతి పెద్ద నష్టం జరిగేది దాన్ని ఇంటికి తెచ్చుకున్న మొదటి ఆదివారమే. డెబ్బై ఏళ్ల వాన, గరాజు దుమ్ము, పిల్లల మోటుతనం కలిసి చేయలేని పాడుని ఒక ఉత్సాహవంతుడు ఎమరీ కాగితం, స్ప్రే పెయింటు డబ్బా పట్టుకుని మధ్యాహ్నం భోజనాల లోపు చేసేస్తాడు. సాయంత్రానికి సైకిలు తళతళా మెరుస్తుంది, దాని విలువ మాత్రం సగానికి పడిపోయి ఉంటుంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ ‘వెంటనే మొదలుపెట్టు’ అంటాయి. ఈ పుస్తకంలోనూ ఆ మాట చాలాచోట్ల ఉంది. ఈ ఒక్క వ్యాపకంలో మాత్రం ఆ సలహా మనిషిని ముంచుతుంది. అమెరికా పాత సైకిళ్లు సేకరించి బాగుచేయడంలో ముందు నేర్చుకోవలసింది చేతులు కట్టుకుని నిలబడడం. పానా తిప్పడం ఎవరికైనా నెలలో వచ్చేస్తుంది.

షికాగో దగ్గర ఉండే ఒక తమ్ముడు, మనవాడే, ఫోన్ చేశాడు. పక్క వీధిలో గరాజు సేల్‌లో ష్విన్ సైకిలు దొరికిందట.

“అన్నా, రంగు కొట్టించేశాను. అద్దంలా ఉంది చూడు!”

“పాత రంగు మీద గీతలుండాలే, వాటి ఫొటో తీశావా?”

“ఏం గీతలన్నా?”

ఆ తరవాత నేను ఇంకేం అడగలేదు. మడ్‌గార్డు మీద, గొట్టాల మీద సన్నగా పోయే ఆ గీతలు ఫ్యాక్టరీలో మనుషులు కుంచెతో చేత్తో వేసినవి. ఒక చోట లావుగా, మలుపు దగ్గర సన్నగా, చెయ్యి ఆగిన చోట చిన్న బొట్టుతో ఉంటాయి. స్టిక్కరుతో వాటిని మళ్లీ తేవచ్చు, ఆ బొట్టుని తేలేం. కొత్త రంగు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేయించుకోవచ్చు. ఫ్యాక్టరీ రంగు మాత్రం ఒక్కసారే పడుతుంది. సేకరించేవాళ్లు గీతలు పడి, వెలిసి, అక్కడక్కడ తుప్పు చుక్కలున్న బండికి ఎక్కువ డబ్బు పెట్టి, నిగనిగలాడే బండిని దాటుకుంటూ పోవడం కొత్తవాళ్లకు పిచ్చిగా కనిపిస్తుంది. వాళ్ల లెక్క వాళ్లకుంది. మెరుస్తున్న రంగు కింద ఏం దాచారో ఎవరికీ తెలియదు.

అసలు ఈ సైకిళ్లు ఇలా ఎందుకుంటాయో తెలిస్తే ఏది ముట్టుకోవాలో, ఏది వదిలేయాలో సగం అర్థమవుతుంది. మన ఊళ్లలో సైకిలు పెద్దవాళ్ల బండి. పాలక్యాన్లు, గడ్డిమోపు, వెనక క్యారియర్ మీద ఇల్లాలు, ముందు బారు మీద పిల్లాడు. అమెరికాలో కార్లు పెరిగాక సైకిలు పిల్లల చేతికి పోయింది. పిల్లలకు కావలసింది మోటారుసైకిలు. నాన్న కొనిపెట్టగలిగింది సైకిలు. తయారీదారులు పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు సైకిలుకి మోటారుసైకిలు వేషం వేశారు. పై బారుకీ కింది బారుకీ మధ్య రేకు ట్యాంకు పెట్టారు. అందులో పెట్రోలుండదు, బ్యాటరీలూ హారనూ ఉంటాయి. ముందు మడ్‌గార్డు మీద విమానం ముక్కు లాంటి దీపం, స్ప్రింగు ఫోర్కు, వెనక సామాను కోసం క్యారియర్. అన్నీ కలిపి బండి బరువు పాతిక కిలోలు దాటినా ఆశ్చర్యం లేదు.

ఈ యుగానికి తలుపు తీసింది షికాగోలోని ష్విన్ కంపెనీ. జర్మనీ నుంచి వలస వచ్చిన ఇగ్నాజ్ ష్విన్, మాంసం వ్యాపారి అడాల్ఫ్ ఆర్నాల్డ్ కలిసి 1895లో దాన్ని మొదలుపెట్టారు. అప్పట్లో అమెరికా సైకిళ్లకు రిమ్ముకు జిగురుతో అతికించే సన్నటి టైర్లుండేవి. పంచరైతే వేసుకోవడం నరకం. ఆర్థిక మాంద్యం నడుస్తుండగా 1933లో ఇగ్నాజ్ కొడుకు ఫ్రాంక్ ష్విన్ లోపల వేరే ట్యూబు ఉండే, 26 × 2.125 అంగుళాల బెలూన్ టైరు బండిని బజారులోకి దించాడు. రెండు మూడేళ్లలో మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. యుద్ధం వచ్చి 1942లో ప్రభుత్వం పిల్లల సైకిళ్ల తయారీని ఆపించింది, క్రోమ్ పూత కరువైంది, పాత ఇనుము సేకరణ కింద ఎన్నో బళ్లు కరిగిపోయాయి. అందుకే యుద్ధానికి ముందటి బండి అనగానే సేకరించేవాళ్ల గొంతు మారిపోతుంది. యుద్ధం తరవాత 1949 నుంచి 1959 వరకు వచ్చిన ష్విన్ బ్లాక్ ఫాంటమ్ నల్లరంగు, ఎర్రరంగు, క్రోము కలిసి ఒక తరం పిల్లల కలల్లోకి వచ్చిన బండి. 1963లో ష్విన్‌లోనే ఆల్ ఫ్రిట్జ్ అనే ఇంజినీరు, కాలిఫోర్నియా పిల్లలు చిన్న సైకిళ్లకు ఎత్తైన హ్యాండిళ్లు బిగించుకుంటున్నారని విని, పొడుగాటి అరటిపండు సీటుతో స్టింగ్‌రే తయారుచేశాడు. 49 డాలర్ల 95 సెంట్లు. ఆ వరసలో 1968 నుంచి 1973 దాకా వచ్చిన ఆరెంజ్ క్రేట్, యాపిల్ క్రేట్, లెమన్ పీలర్ బళ్లకు ముందు చక్రం 16 అంగుళాలు, వెనకది 20, గేరు పుల్ల పై బారు మీదే. పిల్లాడు ఎగిరిపడితే ఆ పుల్ల ఎక్కడ గుచ్చుకుంటుందో ఆలోచించినవాళ్లు లేకపోలేదు. తరవాత వచ్చిన భద్రతా నియమాల్లో ఆ ఏర్పాటుకి చోటు లేకుండా పోయింది.

ఇప్పుడు కొనుగోలు. మొదటి బండిగా బ్లాక్ ఫాంటమ్ కొనకండి. డబ్బుండి కొనగలిగినా సరే. నేర్చుకునే చెయ్యి ఖరీదైన బండి మీద పడకూడదు. అదే ఏడాది, అదే కంపెనీ, అదే నాణ్యత ఉన్న లేడీస్ సైకిలు చాలా చవగ్గా దొరుకుతుంది. సేకరించేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, చిన్నప్పుడు తాము తొక్కిన బండినే వెతుక్కుంటారు, కాబట్టి ఆడపిల్లల బండికి గిరాకీ తక్కువ. పైగా ఆ బళ్లని చెత్తగా తొక్కి ఉండరు. రంగు, సీటు, పెడళ్ల మీద ఉండే చిన్న రిఫ్లెక్టర్లు కూడా చాలాసార్లు నిలిచి ఉంటాయి. ఇక్కడ నాకు నచ్చని అలవాటు ఒకటుంది. దీపం, చైన్ వీలు, హబ్బుల కోసం లేడీస్ బండిని కొని, విప్పి, ఫ్రేముని తుక్కులో వేస్తారు. చట్టప్రకారం తప్పేం కాదు. కానీ నిండుగా ఉన్న బండిని విప్పి అమ్మేవాడి దగ్గర నేను పార్టులు కొనను. 1960ల నాటి ష్విన్ వర్సిటీ కూడా నేర్చుకోవడానికి మంచి బండే. లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి, ఇప్పటికీ గరాజుల్లో వేలాడుతున్నాయి. బరువు మాత్రం గేర్లున్న బండికి ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ.

బ్యాడ్జి చూసి మోసపోవద్దు. ముందు గొట్టం మీద ఉన్న పేరు అమ్మినవాడిది, చేసినవాడిది కాకపోవచ్చు. ఎల్గిన్, యుద్ధం తరవాత జె.సి. హిగ్గిన్స్ అంటే సియర్స్ దుకాణం పేర్లు. హాథార్న్ మాంట్‌గోమరీ వార్డ్‌ది. వెస్టర్న్ ఫ్లైయర్ వెస్టర్న్ ఆటో అనే కారు సామాన్ల దుకాణాల గొలుసుది. వీళ్లెవరికీ సైకిలు ఫ్యాక్టరీ లేదు. మర్రే, హఫ్మన్, క్లీవ్‌లాండ్ వెల్డింగ్ లాంటి కంపెనీలు చేసిచ్చేవి. టైర్ల కంపెనీ గుడ్‌రిచ్ పేరుతో ష్విన్ చేసిన బళ్లూ ఉన్నాయి. అలాంటి పేరు కనబడితే అమ్మేవాడికి తెలియని మంచి బండి మీ చేతిలో పడొచ్చు. ఫ్రేము గొట్టాల వంపు, వెనక ఇరుసు కూర్చునే రేకు ఆకారం, చైన్ వీలు మీద చెక్కిన డిజైను, ఈ మూడూ చూసి తయారీదారుని పోల్చుకోవడం అభ్యాసంతో వస్తుంది. దీనికి ఒహాయోలోని న్యూ బ్రెమెన్ ఊళ్లో ఉన్న బైసికిల్ మ్యూజియం ఆఫ్ అమెరికా కంటే మంచి బడి లేదు. ష్విన్ కుటుంబం దాచుకున్న బళ్లు 1997లో అక్కడికి చేరాయి. పిల్లలతో వెళ్తే గంటలో బయటికి లాగేస్తారు, ఒక్కరే వెళ్లండి.

బండి ఇంటికొచ్చింది. ఏం చేయాలి? నీడలో స్టాండు వేసి, కెమెరా, నోటు పుస్తకం, టార్చి పట్టుకుని చుట్టూ తిరగండి. రెండు వైపుల నుంచీ, పై నుంచీ, కింద నుంచీ ఫొటోలు. ప్రతి స్క్రూ తల, ప్రతి వాషరు ఏ వైపు తిరిగి ఉందో కనిపించేలా దగ్గర నుంచి ఫొటోలు. సీరియల్ నంబరు రాసుకోండి. ష్విన్ బళ్లకు 1950ల తొలినాళ్ల దాకా అది పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున ఉంటుంది, ఆ తరవాత 1970 దాకా వెనక చక్రం ఇరుసు దగ్గర ఎడమ వైపు, ఆపైన ముందు గొట్టం మీద. 1948కి ముందటి నంబర్ల పుస్తకాలు ఫ్యాక్టరీలో జరిగిన అగ్నిప్రమాదంలో పోయాయి కాబట్టి ఆ కాలం బళ్ల వయసు హబ్బులు, బ్రేకులు, రంగు చూసి కట్టాల్సిందే. నంబరు దొరికినా అది ఫ్రేము మీద ముద్ర వేసిన తేదీని చెబుతుంది, బండి బిగించిన తేదీని కాదు. డిసెంబరులో నంబరు పడిన ఫ్రేము మరుసటి ఏడాది బండిగా బయటికి రావడం మామూలే. దీని మీద వాదులాడుకునే పెద్దమనుషుల్ని చూస్తే కోర్టు వాయిదాలు గుర్తొస్తాయి.

అసలు రంగు ఏమిటో తెలియాలంటే చైన్ కవరు బిగించిన పట్టీ కింద, సీటు పోస్టు దిగిన చోట, బ్యాడ్జి వెనక చూడాలి. ఎండ తగలని ఆ అంగుళం మేర రంగు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. ష్విన్ రేడియంట్ రంగులు వెండి పూత మీద పారదర్శకమైన రంగు వేసి చేసినవి. ఎండకు పై రంగు వెలిసిపోతే కింద వెండి తేలుతుంది. మీరు గులాబీ రంగనుకున్న బండి ఎర్రటిది కావచ్చు. బ్యాడ్జి తీసినప్పుడు వెనక వాడని రంధ్రాలు కనిపిస్తే ఆ బ్యాడ్జి వేరే బండిదని అనుమానించండి.

కడగడం మొదలుపెట్టేది అన్నిటికంటే మెత్తని దానితో. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు, పాత బనీను గుడ్డ. దీనితో పోని మురికికే తరవాతి మెట్టు. డెకాల్ అక్షరాల మీద నీళ్లు కూడా నిలవనివ్వకండి, కొన్ని ఉబ్బి లేచిపోతాయి. ఏ మందైనా ముందు ఫ్రేము అడుగున కనబడని చోట రాసి, గుడ్డకు రంగు అంటుతోందేమో చూడండి. ఎర్ర రంగులు తొందరగా వదిలేస్తాయి. క్రోము మీది తుప్పు చుక్కలకు వంటింటి అల్యూమినియం రేకుని ఉండ చుట్టి నీళ్లలో ముంచి రుద్దితే చాలు. అల్యూమినియం క్రోము కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం బూడిదరంగు మడ్డిలా వచ్చేస్తుంది. బజారులో నాలుగు సున్నాల ఉక్కు ఊలు అని దొరికేదాన్ని నూనెతో కలిపి వాడొచ్చు. రంగు మీద మాత్రం అది తగలకూడదు. 1978కి ముందు అమెరికాలో సీసం కలిసిన రంగులు అమ్మకంలో ఉండేవి. పాత రంగుని పొడిగా గీకకండి, ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో పడనివ్వకండి.

రంగు కిందకు కూడా తుప్పు పాకిన బళ్లకు ఆక్సాలిక్ యాసిడ్ స్నానం అనే పద్ధతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో కలప తెల్లబరిచే పొడిగా దొరుకుతుంది. ప్లాస్టిక్ తొట్టిలో గాలను గోరువెచ్చని నీళ్లకు మూడు టేబుల్ స్పూన్ల చొప్పున పొడిని నీళ్లలో కలపాలి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు, పిల్లలూ కుక్కలూ దరిదాపుల్లో ఉండకూడదు, అది విషం. తుప్పుని తినేసి కింద ఉన్న పాత రంగుని చాలావరకు వదిలేయడం దీని గొప్ప. ఆ గొప్ప చూసి అన్నీ అందులో వేయాలనిపిస్తుంది, అక్కడే జాగ్రత్త. జింకు, కాడ్మియం పూత ఉన్న స్పోకులు, నట్లు, స్క్రూలు వేస్తే ఆ పూత కూడా పోతుంది. ష్విన్ పారదర్శక రంగులు కూడా దానికి ఓర్చుకోవు. బయటికి తీశాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, ఆరబెట్టి నూనె పట్టించాలి. టీ తాగొచ్చి చేద్దామనుకుంటే కప్పు ఖాళీ అయ్యేలోపు కొత్త తుప్పు పసుపు పొడిలా పడుతుంది.

ఇక పానా పట్టండి. మన హెర్క్యులిస్, రాలీ బళ్ల మీద చెయ్యి తిరిగినవాడికి ఇక్కడ ఒక వింత ఎదురవుతుంది. కాటర్ పిన్ను ఉండదు. రెండు వైపుల క్రాంకులు, మధ్య ఇరుసు, మొత్తం ఒకే ఉక్కు కడ్డీని వంచి చేసినది. ఒహాయోలో అది తయారైన ఊరి పేరుతో దాన్ని యాష్టబ్యులా క్రాంకు అంటారు. విప్పే తీరు చూడండి. ముందు ఎడమ పెడలు. అది ఎడమ మర, పానాని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. చైను దించండి. ఎడమ క్రాంకు మొదట్లో ఉన్న పెద్ద నట్టు కూడా ఎడమ మరే, మళ్లీ గడియారం వైపే. దాని వెనక గాడి ఉన్న వాషరు, దాని వెనక కోను, అదీ అదే వైపు. ఎక్కువమంది ఇక్కడే బలమంతా పెట్టి అవతలి వైపు తిప్పి మర చెడగొడతారు. కోను వచ్చేశాక బాల్స్ చట్రం జారి అరచేతిలో పడుతుంది, పట్టుకోండి. అప్పుడు క్రాంకుని వాలుస్తూ చైన్ వీలు వైపు నుంచి లాగితే, పుట్టలోంచి పాము బయటికొచ్చినట్టు కాకుండా, కాస్త విసుగ్గా, రెండు చోట్ల ఆగి వస్తుంది. లోపలి గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది. కిరసనాయిలుతో కడిగి, కప్పుల లోపలి దారిలో వేలు తిప్పండి. గుంటలు తగిలితే కప్పు మార్చాలి, నున్నగా ఉంటే కొత్త గ్రీజు పెట్టి మళ్లీ అదే. బిగించేటప్పుడు బాల్స్ చట్రంలో బాల్స్ కనిపించే వైపు కప్పులోకి, మూసి ఉన్న వీపు బయటికి. తారుమారైతే క్రాంకు తిరుగుతుంది కానీ గరగరమంటుంది. పెడలు మర అర అంగుళం. మన దేశపు మామూలు పెడలు దాని కంటే లావు, ఎక్కదు, ప్రయత్నించకండి.

హ్యాండిల్ కాడ కదలకపోతే పై బోల్టుని నాలుగు చుట్లు వదులు చేసి, దాని తల మీద కొయ్యముక్క పెట్టి సుత్తితో ఒక్కటివ్వండి. లోపల బిగుసుకున్న చీలిక కిందకు జారుతుంది. బోల్టుని పూర్తిగా తీసి కొడితే మిగిలేది బోల్టు రంధ్రమే. కదలని నట్టుకు తుప్పులోకి దూరే నూనె పోసి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్లీ పోయండి. రెండో రోజు కూడా రాకపోతే మూడో రోజుంది. ఏడు దశాబ్దాలుగా అక్కడే ఉన్న నట్టు ఇంకో మూడు రోజులుంటే కొంప మునిగేది లేదు.

వెనక బ్రేకు హబ్బులోనే ఉంటుంది, పెడళ్లు వెనక్కి తొక్కితే పడుతుంది. కనెక్టికట్‌లోని బ్రిస్టల్‌లో తయారైన న్యూ డిపార్చర్ హబ్బు విప్పితే లోపల పలచటి డిస్కులు వరసగా పేర్చి ఉంటాయి. తీసిన వరసలోనే తీగకు గుచ్చి పెట్టుకోండి. 1970ల్లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో కుర్రాళ్లు ఈ పాత ష్విన్‌లనే కొండల మీంచి దొర్లించేవాళ్లు. దిగేసరికి బ్రేకు కాగి హబ్బులో గ్రీజు పొగై పోయేది, మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే 1976లో మొదలైన వాళ్ల పందేనికి రీప్యాక్ అని పేరు పడింది, మౌంటెన్ బైకులు పుట్టింది ఆ గుంపులోంచే. మీ బండి కొండ దిగకపోయినా ఒక్కటి మరవకండి. హబ్బు నుంచి ముందుకొచ్చే బ్రేకు చెయ్యి ఫ్రేముకి పట్టీతో బిగించి ఉండాలి. ఆ చిన్న బోల్టు లేకపోతే చెయ్యి గిర్రున తిరిగి బ్రేకు లేనట్టే. కొన్న బళ్లలో చాలావాటికి ఆ బోల్టే ఉండదు.

టైర్ల దగ్గర లెక్కల మాస్టారు కూడా తెల్లమొహం వేస్తాడు. ఒకటిన్నర, ఒకటింబావు, ఒకటిముప్పావు, వీటిని దశాంశాల్లో రాస్తే ఏమవుతుందో అయిదో తరగతి పిల్లాడు చెబుతాడు. కానీ 26 × 1¾ టైరు, 26 × 1.75 టైరు ఒకటి కాదు. మొదటిది 1950లు, 60ల నాటి ష్విన్ మధ్యరకం బళ్లది. దాని ఎస్-7 రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం 571 మిల్లీమీటర్లు. రెండోది 559 రకం, బెలూన్ టైర్లదీ, తరవాతి మౌంటెన్ బైకులదీ అదే కొలత. 12 మిల్లీమీటర్ల తేడా. 559 టైరుని ఎస్-7 రిమ్ము మీదికి ఎక్కించబోయి టైరు పుల్లలు విరగ్గొట్టుకున్నవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. 26 × 1⅜ లోనూ ఇదే గొడవ, మామూలుది 590, ష్విన్‌ది 597. అంగుళాల అంకెని నమ్మకుండా టైరు పక్కన మిల్లీమీటర్లలో ఉన్న అంకెని చూసి కొనండి. బండితో వచ్చిన పాత టైర్లు పగుళ్లిచ్చి ఉంటే వాటిమీద తొక్కవద్దు, పారేయనూ వద్దు. సంచిలో కట్టి చీకట్లో పెట్టండి. మేళాలో బండిని నిలబెట్టడానికి అవే కావాలి.

విడి పార్టుల వేట అసలు రోగం. మిషిగన్, ఒహాయోల్లో వసంతకాలంలో పాత సైకిళ్ల సంతలు జరుగుతాయి. తెల్లవారకముందే టార్చిలు పట్టుకుని, ట్రక్కు తలుపు తెరుచుకోకముందే బేరాలాడే మనుషులు కనిపిస్తారు. ఇండియానాలోని మారియన్‌లో తయారైన డెల్టా దీపాలు, టారింగ్టన్ పెడళ్లు, ఇప్పటికీ కెంటకీలోని మేస్‌విల్‌లో నడుస్తున్న వాల్డ్ కంపెనీ బుట్టలు, చైను పళ్లు ఒకటి విడిచి ఒకటి ఉన్న పాతకాలపు చైన్ వీళ్లు బల్లల మీద పరిచి ఉంటాయి. అప్పట్లో తయారై, అమ్ముడుపోక డబ్బాలోనే మిగిలిన సరుకుని ఎన్‌ఓఎస్ అంటారు. దాని ధర వింటే గుండె జారుతుంది. సంతకు పోయే ముందు కాగితం మీద రాసుకోండి: ఏ బండికి, ఏ ఏడాదికి, ఏ పార్టు, ఎంత దాకా. చేతిలో ఉన్న బండి పూర్తయ్యాకే రెండోది కొనాలన్నది పెద్దల మాట. దీన్ని పాటించినవాణ్ణి ఇంతవరకు చూడలేదు కానీ కాగితం రాసుకుని వెళ్లినవాడు ఇంట్లో కాస్త తక్కువ మాటలు పడతాడు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో గరాజు అంటే రెండు కార్లు, ఇండియా సూట్‌కేసులు, బియ్యం బస్తాలు. సైకిలుకి చోటు అడిగే ముందు బియ్యం బస్తాకి వేరే చోటు చూపించండి.

కొత్తగా చేసిన నకలు పార్టుల మీద కొందరికి చిన్నచూపు. నాకు లేదు. తొక్కే బండికి నకలు ట్యాంకు, నకలు స్ప్రింగు ఫోర్కు పెట్టుకుంటే తప్పేముంది, అసలువి గోడకు భద్రంగా ఉంటాయి. ష్విన్ కంపెనీయే తన వందో ఏడు 1995లో బ్లాక్ ఫాంటమ్ నకలు అమ్మింది. తప్పు ఎక్కడంటే నకలుని అసలని చెప్పి అమ్మడంలో. బెంజమిన్ బౌడెన్ గీసిన స్పేస్‌ల్యాండర్ అనే ఫైబర్‌గ్లాస్ సైకిలు 1960లో మిషిగన్‌లో తయారైంది. అమ్ముడుపోలేదు, సుమారు అయిదు వందలతోనే ఆగిపోయింది. దాని నకళ్లు తరవాత వచ్చాయి. ఎవరైనా స్పేస్‌ల్యాండర్ చవగ్గా ఇస్తానంటే జేబు మీద చెయ్యి వేసుకోండి.

విజయవాడలోనో వరంగల్‌లోనో నాన్నగారి రాలీ అటక మీద ఉన్నవాళ్లకు కూడా ఈ వరసే. అది ఇంగ్లండు సంప్రదాయపు బండి, మరలు, కొలతలు వేరు, అమెరికా పార్టులు చాలావరకు ఎక్కవు. మిగతాదంతా అదే: ముందు ఫొటోలు, తరవాత సబ్బునీళ్లు. ఓవరాయిలింగ్‌కి ఇచ్చేటప్పుడు షాపు అబ్బాయికి ‘రంగు ముట్టుకోవద్దు బాబూ’ అని రెండుసార్లు చెప్పండి. రంగు కొట్టకుండా బండి ఇస్తే పని చేయలేదనుకుంటారని వాళ్ల భయం. కాటర్ పిన్నుని కొట్టేటప్పుడు క్రాంకు కింద గట్టి ఆధారం పెట్టమనండి, దెబ్బ బాల్స్ మీద పడకుండా.

బండిని ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే మీరు మార్చిన ప్రతి పార్టునీ, వాడిన ప్రతి మందునీ, తేదీతో సహా కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ట్యాంకులోనో సీటు గొట్టంలోనో ఉంచండి. తీసేసిన పాత పార్టులు, తుప్పు పట్టినవైనా సరే, డబ్బాలో వేసి బండితోపాటే ఇవ్వండి. వాటికి విడిగా ధర కట్టకండి. కొన్నవాడు కారు వెనక సీటు మడిచి బండిని పడుకోబెట్టబోతే ఆపి, చైను ఉన్న వైపు పైకి తిప్పించండి.